పొరుగుదేశం ముడి

మార్చి నెలలో హంసలదీవికి తూర్పుగా, ఇంజను చచ్చి కొట్టుకొస్తున్న శ్రీలంక బోటొకటి గిలకలదిండి రేవులో చేపలు పట్టే బంగార్రాజు కంటపడిందనీ, అందులోని నలుగురూ ఐదు నెలలుగా మచిలీపట్నం జైల్లో ఉన్నారనీ, వాళ్ళ తరఫున నల్లకోటు తొడుక్కున్నది ఆ బంగార్రాజు సొంత మేనకోడలు దుర్గేననీ ఈ కథ వెంట నడుస్తున్నవాళ్ళకు తెలుసు. ఇవాళే వచ్చి చేరినవాళ్ళకు ఇంకొక్క సంగతి చెబితే చాలు. కిందటి వారం బంగార్రాజు ప్రభుత్వం తరఫు సాక్షిగా బోనెక్కి ఒకే ఒక్క మాట చెప్పి దిగిపోయాడు.

"వల నీళ్ళలో ఉందండి."

అంతే. ఆ ఒక్క మాటకే కేసు సగం ముగిసిపోయింది. ఎందుకంటే ఇంజను చెడి మన నీళ్ళలోకి కొట్టుకొచ్చినవాడు అతిథి, వల వేసి దొరికినవాడు దొంగ. మొదటివాడిని నాలుగు బిస్కెట్ పాకెట్లిచ్చి సాగనంపుతారు, రెండోవాడికి శిక్ష వేస్తారు. వల నీళ్ళలో ఉంటే రెండోవాడి కిందే లెక్క.

ఆ వల ఎలా ఉందో చూద్దామంటే అదీ కుదరలేదు. పోలీసులు దాన్ని తడితడిగా తెచ్చి రేవులో షెడ్డులో పడేశారు. వలలు బాగుచేసే పున్నమ్మ ముసల్ది రెండు రోజులు ముక్కు మూసుకుని తిరిగింది. మూడో రోజు ఉండబట్టలేక ఆ కుప్పని బయటికి లాగి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో పరిచి, చిరిగిన చోట్ల వల కళ్ళు కూడా అల్లి పెట్టింది. "వల కుళ్ళిపోతుంటే చూస్తా ఊరుకుంటామా? వలకి ఏ దేశమైతే ఏంటి?" అంది. సాక్ష్యం కాస్తా శుభ్రంగా ఉతికి ఆరేసినట్టయింది. గిలకలదిండిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇలాంటి పొరపాటు జరగదు. ఈ మాట చెబుతూ సిగ్గుపడాలో గర్వపడాలో నాకు తెలియడం లేదు కాబట్టి గర్వపడుతున్నాను.

ఆ వల నీళ్ళలో ఎలా ఉందో చూసిన మన మనిషి బంగార్రాజు ఒక్కడే. నలుగురి బతుకూ ఇక అతని నోటి మీదే ఉంది.

*

ఆ బుధవారం కోర్టు హాలు కిటకిటలాడింది. అల్పపీడనం ఉంది, వేటకు వెళ్ళొద్దని రెండు రోజులుగా మైకులో చెబుతున్నారు. పని లేని గిలకలదిండి అంతా కోర్టుకొచ్చి కూర్చుంది.

వీళ్ళని చూసి చదువు రానివాళ్ళనుకుంటే పొరపాటే. ఏ దేశం కోర్టు ఎలా ఉంటుందో కాలేజీలో అడిగితే పుస్తకం తీస్తారు. గిలకలదిండి రేవులో అడిగితే చొక్కా తీసి వీపు చూపించేవాడొకడు, భోజనం ఎలా ఉండేదో చెప్పేవాడొకడు ఉంటారు. గాలి ఎటు తోలితే అటు పోయి, ఏ దేశం నీళ్ళలో తేలితే ఆ దేశం బోనెక్కినవాళ్ళు వీళ్ళు. శ్రీలంకలో రిమాండు ఎన్ని రోజులకోసారి పొడిగిస్తారో వేళ్ళ మీద చెబుతారు. బంగ్లాదేశ్ శిక్షాస్మృతీ, శ్రీలంక శిక్షాస్మృతీ, మన పాతదీ తెల్లదొర కాలంలో ఒకే తల్లి కన్న పిల్లలని దుర్గ లా కాలేజీలో చదివి వచ్చి చెబితే, "ఆ ముక్క మాకు అప్పుడే తెలుసులే, పోలీసుల అరుపులన్నీ ఒకలాగే ఉండేయి" అన్నారు.

బంగార్రాజు వాళ్ళందరికీ పెద్ద. పదిహేనేళ్ళ కిందట ఇంజను చెడి బంగ్లాదేశ్ నీళ్ళలోకి కొట్టుకుపోయి, పద్నాలుగు నెలలు అక్కడి జైల్లో ఉండి వచ్చాడు. అప్పుడు దుర్గకు పద్నాలుగేళ్ళు. తండ్రి లేని పిల్ల. పెంచిన మావయ్య పరాయి దేశంలో ఇరుక్కుంటే, నోటుబుక్కులో కాగితాలు చింపి కలెక్టరుకు, మంత్రికి, ఢిల్లీకి అర్జీలు రాసింది. ఇరవై మూడు అర్జీలు. మావయ్య తిరిగొచ్చిన రోజు రేవంతా ఆ పిల్లను భుజాలకెత్తుకుంది. దుర్గ లాయరైంది ఆ రోజే. పట్టా తర్వాత ఎప్పుడో వచ్చింది.

సాక్షితో కేసు సంగతి మాట్లాడకూడదని దుర్గే నియమం పెట్టింది. సమన్లు వచ్చిన నాటి నుంచి ఒకే ఇంట్లో, ఒకే కంచాల దగ్గర, ఇరవై రోజులుగా ఇద్దరి మధ్యా పులుసు గురించి తప్ప మాట లేదు. కిందటి వారం ఆ ఒక్క మాట చెప్పి దిగాక పులుసు గురించి కూడా లేదు.

న్యాయమూర్తి రాజ్యలక్ష్మి గారు వచ్చి కూర్చున్నారు. ఈ ఊరికి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. సముద్రాన్ని మంగినపూడి బీచిలో చీర తడవకుండా చూసినంత మటుకే ఆవిడకు తెలుసు. బంగార్రాజు బోనెక్కాడు. ఎదురుగా నిందితుల బోనులో ఆ నలుగురూ, వాళ్ళ పక్కన గుడివాడ సాయిబాబు గారు నిలబడ్డారు. మద్రాసులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన సాయిబాబు గారు వాళ్ళ భాష తమిళం గడగడా మాట్లాడతారు. వాయిదా వాయిదాకీ గుడివాడ నుంచి బస్సులో వచ్చి తర్జుమా చేస్తున్నారు.

దుర్గ లేచింది. "బంగార్రాజు గారూ..."

వెనక బెంచీల్లో నవ్వులు. పుట్టి బుద్ధెరిగి ఆ పిల్ల అతన్ని అలా పిలవడం ఎవరూ వినలేదు. బంగార్రాజు మీసం కింద పెదవి బిగించి, "చెప్పండి లాయరుగారూ," అన్నాడు. ఆ 'లాయరుగారూ' దుర్గకు ముల్లులా గుచ్చుకుంది.

"మీరు వేటకెళ్ళబట్టి ఎన్నేళ్ళు?"

"నలభై దాటిందండి."

"నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే ఏం చేస్తారు?"

ప్రభుత్వ న్యాయవాది శామ్యూల్ రాజ్ వెంటనే లేచారు. మంచి మాటకారి, మనసులో విషం లేని మనిషి. "అబ్జెక్షన్ మేడమ్. ఈయన చూసింది చెప్పడానికొచ్చిన సాక్షి. ఇంజను ఆగితే ఏం చెయ్యాలో చెప్పడానికి నిపుణులుంటారు. ఈయన ఏ యూనివర్సిటీలో చదివారో లాయరుగారు చెబితే వింటాం."

బెంచీల్లో గొణుగుడు మొదలైంది. దుర్గ నవ్వింది. ఈ మాట కోసమే నెల రోజులుగా కాచుకుని ఉంది.

"మేడమ్, ఇంగ్లండులో ఓడల కేసులు వచ్చినప్పుడు జడ్జి పక్కన సముద్రం తెలిసిన నావికుల్ని సలహాకు కూర్చోబెట్టుకునే పద్ధతి ఉంది. ఫ్రాన్సులో మధ్యధరా ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు తమలోనే పెద్దల్ని ఎన్నుకుంటే, వేట తగాదాలు వాళ్ళే తీరుస్తారు. అక్కడి చట్టమే ఒప్పుకుంది. నేరం జరిగితే ఫ్రాన్సు లాంటి కొన్ని దేశాల్లో జడ్జిగారే బయల్దేరి నిజం వెతుకుతారు. మన పద్ధతి వేరు. రెండు పక్షాలూ తెచ్చి ముందు పెట్టిందే మీరు తూస్తారు. ఎవరూ తేని నిజం తక్కెడ దాకా రాదు."

"బాగుందమ్మా," అన్నారు శామ్యూల్ రాజ్. "ఇది ఫ్రాన్సు కాదు. బందరు."

"బందరే సార్. అందుకే బందరు చట్టం చెబుతాను. మన కొత్త సాక్ష్య చట్టం ముప్పై తొమ్మిదో సెక్షన్. పాత చట్టంలో నిపుణుడంటే విదేశీ చట్టం, సైన్సు, కళ, చేతిరాత, వేలిముద్రలు. కొత్తదాంట్లో ఇంకో మాట చేర్చారు. 'ఇతర ఏ రంగమైనా' అని." దుర్గ గొంతు కాస్త పెరిగింది. "ఏ దేశం దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు మేడమ్. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడిని నిపుణుడని పిలవడానికి మన చట్టంలోనే చోటుంది. ఇన్నాళ్ళూ ఎవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు, అంతే."

రాజ్యలక్ష్మి గారు పుస్తకం తెప్పించుకుని ఆ పంక్తి రెండుసార్లు చదివారు. తర్వాత కళ్ళద్దాల పైనుంచి శామ్యూల్ రాజ్ వైపు చూశారు. "సముద్రం ఒక రంగం కాదంటారా పి.పి. గారూ?"

వెనకనుంచి ఈల వినిపించింది. బంట్రోతు ఉరిమి చూశాడు. శామ్యూల్ రాజ్ నవ్వుతూ కూర్చున్నారు.

చదువు రాని మావయ్యను కోర్టు నిపుణుడన్న ఆ క్షణంలో దుర్గ ఛాతీ ఉప్పొంగింది. కానీ ఎదురుగా బంగార్రాజు ముఖం చూస్తే ఆ పొంగు చల్లారింది. అతను బోను కర్రను రెండు చేతులా పట్టుకుని నేల చూస్తున్నాడు. పొగిడినకొద్దీ ఆ మనిషి కుంచించుకుపోతున్నాడు.

"చెప్పండి. ఇంజను ఆగితే ఏం చేస్తారు?"

"బోటు అలకి అడ్డం తిరుగుద్దండి. తిరిగితే బోర్లా పడిపోద్ది. ముక్కు అలకి ఎదురుగా నిలబెట్టాలి."

"ఎలా నిలబెడతారు?"

బంగార్రాజు బోను కర్రను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"పాత వలని మూటలా కట్టి, పొడుగు తాడుతో బోటు ముక్కుకి కట్టి నీళ్ళలోకి వదుల్తామండి. ఆ బరువుకి బోటు నిలబడుద్ది. కొట్టుకుపోడం కూడా నెమ్మదిస్తది."

"వల పరిచి వేటాడేటప్పుడు దాని అంచుకి కట్టిన బెండ్లు ఎక్కడుంటాయి?"

"నీళ్ళ మీద. వరసగా తేల్తా."

"మీరు చూసిన బోటు దగ్గర బెండ్లు తేలుతున్నాయా?"

"లేదండి."

"మరి వల ఎక్కడుంది?"

బంగార్రాజు తలెత్తాడు. మేనకోడలి వైపు కాదు, నిందితుల బోను వైపు చూశాడు. నలుగురిలో ముసలివాడు నల్లతంబి, బక్కపలచని మనిషి, బంగార్రాజు పెదాల కదలికనే చూస్తున్నాడు.

"మూట కట్టి ఉందండి. పాతిక బారల తాడు మీద, ముక్కు ముందర. వాళ్ళు వేటాడ్డం లేదు. బతకడానికి కట్టుకున్నారు."

హాలులో ఒక్కసారి కలకలం రేగింది. రాజ్యలక్ష్మి గారు కలం కింద పెట్టారు. "ఈ మాట కిందటి వారం ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదండి." ఆగాడు. "అడగలేదన్నది అబద్ధం కాదు. కానీ నేను చెప్పకపోడానికి కారణం అదీ కాదండి."

"ఏమిటి కారణం?"

"కోపం," అన్నాడు బంగార్రాజు. "నాకూ ఇదే జరిగిందండి బంగ్లాదేశులో. ఇదే మూట, ఇదే తాడు. నాకు తర్జుమాకి ఒకాయన్ని పెట్టారు. పాపం మంచాయనే, హిందీలో చెప్పేవోడు. నాకు హిందీ రాదు. ఏం అడిగినా 'హా' అన్నాను. వల నీళ్ళలో ఉందా అంటే హా. వేటాడారా అంటే హా. వాళ్ళ తప్పేం లేదండి, నేనన్నదే రాసుకున్నారు. నా మూట సంగతి చెప్పేవోడు లేక పద్నాలుగు నెలలు కూర్చున్నా. వీళ్ళకి చూస్తే వాళ్ళ భాష వచ్చిన సాయిబాబు గారొచ్చారు. మా దుర్గ లాంటి లాయరొచ్చింది. ఎవరూ లేక నేను ఏడ్చాను, అన్నీ ఉన్నోళ్ళకి నేనెందుకు చెప్పాలని కోపమొచ్చింది."

దుర్గ కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించింది. కళ్ళు మండుతున్నాయి. అడగాల్సింది అయిపోయింది. కూర్చోవచ్చు. కానీ న్యాయమూర్తి ఊరుకోలేదు.

"మరి ఇవాళ ఎందుకు చెప్పారు?"

బంగార్రాజు మీసం తుడుచుకున్నాడు. "పదిహేనేళ్ళుగా మా ఇంట్లో కూడా చెప్పని మాటొకటి ఉందండి. నన్ను విడిపించింది అర్జీలు కాదు."

దుర్గ చేతిలో కాగితాలు ఆగిపోయాయి.

"నన్ను పట్టిచ్చినోడు కూడా చేపలోడే. గళ్ళ లుంగీ ఆయన. అతనూ మొదటిరోజు నాలాగే చెప్పాడు, వల నీళ్ళలో ఉందని. పద్నాలుగు నెలలు పోయాక ఒకరోజు తనంతట తానే కోర్టుకొచ్చాడు. జడ్జిగారికి చేతుల్తో చూపించాడు. ఇలా మూట, ఇలా తాడు అని. మాట అర్థం కాలేదు గానీ చేతులు అర్థమైనాయి. అప్పుడొదిలారు. ఇంటికొచ్చేసరికి రేవంతా దుర్గని భుజాన మోస్తన్నారు. దాని అర్జీల వల్లే నేనొచ్చానని. చదువుకునే పిల్ల, ఆ గర్వం దానికి ఉండనిద్దామనుకున్నానండి. ఉండబట్టే ఇంతదైంది. ఇంతకుముందు నా గురించి మీకు గొప్పగా చెప్తంటే నాకు సిగ్గేసింది. నా మీద దానికున్న గర్వం నేను నోరు మూసుకున్నందువల్ల పోకూడదనిపించింది. ఆ గళ్ళ లుంగీ ఆయనలా నేనూ చెప్పాలనుకున్నా."

బంగార్రాజు రేవులో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"ఆ దేశం ఆయనకి పద్నాలుగు నెలలు పట్టింది మేడమ్. గిలకలదిండోడికి ఐదు నెల్లే పట్టింది. అది కూడా రాసుకోండి."

గిలకలదిండి గిలకలదిండంతా నవ్వుతూ ఏడ్చింది. రాజ్యలక్ష్మి గారు నవ్వు దాచుకోవడానికి నీళ్ళ గ్లాసు ఎత్తారు. దుర్గ మాత్రం చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసింది. తన ఇరవై మూడు అర్జీలు ఎవరూ చదవలేదు. ఎక్కడో పేరు తెలియని చేపలాయన చేతులు తిప్పి చూపించాడు. ఆ అర్జీల మీద తన చదువంతా కట్టుకుంది. బాధపడాల్సిన మాటే. కానీ బాధ రాలేదు. బోనులో తలెత్తి నిలబడ్డ ఆ మనిషిని చూస్తే, ఈయన పెంచిన పిల్లను నేను అన్న గర్వమొక్కటే వచ్చింది.

శామ్యూల్ రాజ్ లేచారు. తన పని తను చెయ్యాలి కదా.

"కథ బాగుంది. కానీ సాక్షిని అడుగుతున్నది ఆయన పెంచిన మేనకోడలు. పోయిన వారం ఒక మాట, ఈ వారం ఒక మాట. మూట చూద్దామంటే మూట లేదు, పున్నమ్మ గారు ఉతికేశారు. ఈ మూట మీ మేనకోడలి కోసం ఇప్పుడు కట్టిన మూట కాదని నమ్మేదెలా బంగార్రాజు గారూ?"

"ముడి ఉందిగా బాబూ," అన్నాడు బంగార్రాజు.

"ఏ ముడి?"

"ఆ మూటకి వేసిన ముడి. అది మన ముడి కాదండి. మనం రెండు చుట్లు చుట్టి బిగిస్తాం. తడిసిందంటే రాయిలా అయిపోద్ది, కత్తితో కొయ్యాల్సిందే. వాళ్ళ బోటుకి తాడు కట్టి లాక్కొచ్చేటప్పుడు ఆ మూట విడిపించింది నేనే. తాడు తోక వెనక్కి మడిచి లోపలికి దూర్చారు. ఎంత బరువు లాగినా జారదు. తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజితే చాలు, పూసలా ఊడొస్తది. చీకట్లో తోక చేతికి తగలడానికి చివర ఓ బుల్లి మెలిక కూడా పెట్టారు." అతని ముఖం మొదటిసారి విప్పారింది. "కోపం కోపమే గానీ పనితనం పనితనమే కదండీ. నేర్చుకున్నాను. ఐదు నెలలుగా నా బోటుకి అదే ముడి. నన్ను చూసి రేవులో పది బోట్లకి అదే వేస్తున్నారు. ఆ మూట నేను చూడకపోతే ఆ ముడి గిలకలదిండికి ఎలా వచ్చిందండి? ఇప్పుడొచ్చినా చూపిస్తాను."

బెంచీల్లోంచి నలుగురైదుగురు లేచి "మా బోటుకీ ఉందండీ" అన్నారు. రాజ్యలక్ష్మి గారు ఏదో రాసుకుని, చుట్టూ చూశారు.

"జడ్జి తానే వెళ్ళి చూడటం ఫ్రాన్సులోనే కాదమ్మా దుర్గా, స్థలం చూసి రావడానికి మన చట్టంలోనూ దారి ఉంది. రేపు పొద్దున ఏడు గంటలకు గిలకలదిండి వస్తాను. ఆ బోట్ల తాళ్ళు ఎవరూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా పున్నమ్మ గారు."

సాయిబాబు గారు ఇదంతా గుసగుసగా తమిళంలో చెబుతూనే ఉన్నారు. మూట సంగతి వినగానే ముగ్గురు కుర్రవాళ్ళూ ఒకరి భుజాలొకరు పట్టుకున్నారు. నల్లతంబి కదల్లేదు. ముడి సంగతి చెప్పినప్పుడు, పది బోట్లకు అదే వేస్తున్నారని చెప్పినప్పుడు మాత్రం అతను బోను కర్ర మీదకి వంగాడు.

బంగార్రాజు బోను దిగబోతూ ఆగి, అతని వైపు తిరిగాడు. "సాయిబాబు గారూ, ఒక్క మాట ఆయనకి చెప్పండి. ఆ ముడి వేసిందెవరో గానీ, మా రేవులో అలాంటి పనిమంతుడు లేడని చెప్పండి."

సాయిబాబు గారు చెప్పారు. ముసలివాడు ఆ మాట పూర్తిగా వినకుండానే ఏదో అన్నాడు. నవ్వుతూ అన్నాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగా, గుండె మీద అరచెయ్యి కొట్టుకుంటూ. పక్కనున్న కుర్రవాడు గాభరాగా అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఏమంటున్నాడు?" అడిగారు రాజ్యలక్ష్మి గారు.

సాయిబాబు గారు వెంటనే తర్జుమా చెయ్యలేదు. ఐదు నెలల్లో అదే మొదటిసారి.

"ఆ ముడి తన కొడుకు వేసిందంటున్నాడు మేడమ్. పదేళ్ళ వయసులో వాడే సొంతంగా కనిపెట్టాడట. మీ రేవంతా వేస్తోందంటే తండ్రిగా తనకంతకన్నా ఏం కావాలంటున్నాడు."

"ఈ ముగ్గురిలో కొడుకెవరు?"

సాయిబాబు గారు అడిగారు. నల్లతంబి తన పక్కనున్న ముగ్గురిలో ఎవరి వైపూ చూడలేదు. కోర్టు కిటికీలోంచి దక్షిణంగా, హంసలదీవి వైపు చూశాడు. తనేం చెప్పేశాడో అప్పుడు తెలిసొచ్చి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. బోటు దొరికిన నాడు పోలీసులు రాసుకున్న కాగితంలో నలుగురే. దుర్గకు ఐదు నెలలుగా వాళ్ళు చెప్పిందీ నలుగురే. ఆ ముడి వేసిన ఐదోవాడొకడు ఆ బోటులో ఉండేవాడన్నమాట.

"వీళ్ళలో లేడట మేడమ్," అన్నారు సాయిబాబు గారు.